కార్తూసులో కాగితం

కార్ట్రిడ్జ్ పుట్టిల్లు కాగితం. ఇటాలియన్‌లో ‘కార్తొచ్చో’ అంటే కాగితపు పొట్లం. అదే ఫ్రెంచిలో కార్తూష్, మన దేశానికొచ్చాక హిందుస్తానీలో కార్తూస్. పేరుకు తగ్గట్టే మందూ గుండూ కలిపి చుట్టిన పొట్లమది. 1857లో సిపాయిలు పళ్లతో కొరకబోమన్నది దాన్నే, పూసిన కొవ్వు మీద అనుమానంతో.

తర్వాత ఇత్తడి వచ్చింది. పేరు మారలేదు, జిడ్డూ వదల్లేదు! అమెరికాలో రైఫిలు తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకునేవాళ్లు పేలినప్పుడు ఉబ్బిన ఇత్తడి తొడుగును ఉక్కు అచ్చులోకి నొక్కి పాత కొలతకు తెస్తారు. జిడ్డు రాయకపోతే తొడుగు అచ్చులోనే బిగుసుకుంటుంది. బలంగా లాగితే అడుగు అంచు చిరిగిపోతుంది. ఎక్కువ రాస్తే తొడుగు భుజం దగ్గర సొట్ట పడుతుంది. తిట్లు మాత్రం అచ్చుకే.