పొరుగు దేశాల ఫుట్‌బాల్ కప్పులు: తూర్పు ఆఫ్రికా అనుభవం, మన అనుభవం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• తూర్పు ఆఫ్రికాలో గాసేజ్ కప్పు ఎలా పుట్టి, సెకాఫా కప్పుగా ఎలా మారిందో వివరించగలుగుతారు.
• దక్షిణాసియాలో జరిగిన కొలంబో కప్పును, ఆ కాలపు హైదరాబాదు ఫుట్‌బాల్‌ను దానితో పోల్చగలుగుతారు.
• ఒక క్రీడా పోటీని చరిత్రకు ఆధారంగా ఎలా చదవాలో తెలుసుకుంటారు.

1. పరిచయం

గిద్దలూరు, కంభం, మార్కాపురం మీదుగా గుంటూరు వెళ్లే రైలు దారిలో దొనకొండ ఉంది. మీలో కొందరు ఈ దారిన ఎన్నోసార్లు ప్రయాణించి ఉంటారు. 19వ శతాబ్దం చివరలో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఈ లైనును మీటర్ గేజిలో వేసింది. అంటే రెండు పట్టాల మధ్య దూరం ఒక మీటరు. ఆవిరి ఇంజన్ల లోకో షెడ్డు వల్ల దొనకొండ రైల్వే ఊరుగా ఎదిగింది.

ఫుట్‌బాల్ పాఠంలో రైలు ప్రస్తావన ఎందుకని మీకు సందేహం కలగవచ్చు. 1896లో హిందూ మహాసముద్రానికి ఆవలి తీరాన, మొంబాసా రేవు నుంచి బ్రిటిష్ ప్రభుత్వం ఉగాండా రైల్వే నిర్మాణాన్ని ప్రారంభించింది. అది కూడా మీటర్ గేజి లైనే. దాని కోసం సుమారు 32,000 మంది కూలీలను భారతదేశం నుంచి, ముఖ్యంగా పంజాబు నుంచి తరలించారు. వారిలో సుమారు 2,500 మంది అక్కడే మరణించారు. 1901లో పట్టాలు విక్టోరియా సరస్సు తీరానికి చేరాయి. దొనకొండలోను, నైరోబీలోను ఒకే సామ్రాజ్యం ఒకే కొలతతో పట్టాలు పరిచింది. ఆ పట్టాలు, సరస్సు మీది ఓడలు కలిపిన ప్రాంతాల మధ్యనే మనం చదవబోయే పోటీ పుట్టింది.

2. సబ్బుల కంపెనీ ఇచ్చిన కప్పు

1926లో కెన్యా, ఉగాండా జట్లు నైరోబీలో తలపడ్డాయి. కెన్యా గెలిచింది. విజేతకు ఇచ్చిన కప్పుకు విలియం గాసేజ్ అనే ఇంగ్లండు సబ్బుల తయారీ కంపెనీ పేరు పెట్టారు. ఆఫ్రికా ఖండంలో జాతీయ జట్ల మధ్య జరిగే ఫుట్‌బాల్ పోటీలలో అతి పాతదిగా దీనికి పేరుంది. 1945లో టాంగనీకా, 1949లో జాంజిబార్ చేరడంతో ఇది నాలుగు జట్ల పోటీ అయింది.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. ఆనాటికి ఈ నాలుగింటిలో ఏదీ స్వతంత్ర దేశం కాదు. వాటి సరిహద్దులను గీసింది వలస పాలకులు. కప్పు ఇచ్చింది వలస మార్కెట్టులో సబ్బు అమ్ముకునే కంపెనీ. అయినా మైదానంలో ఒక జట్టు ‘ఉగాండా’ పేరుతో, మరో జట్టు ‘కెన్యా’ పేరుతో ఆడింది. సొంత జెండా, సొంత ప్రభుత్వం రాకముందే ఆ పేరున ఒక జట్టు ఉండడం, దాని కోసం జనం చప్పట్లు కొట్టడం చిన్న విషయం కాదు. పాలకులు పరిపాలన కోసం పెట్టిన పేరును పాలితులు తమ పేరుగా చేసుకున్న సందర్భాలలో ఇదొకటి.

టాంగనీకాకు 1961లో, ఉగాండాకు 1962లో, కెన్యాకు 1963లో స్వాతంత్ర్యం వచ్చింది. 1964లో టాంగనీకా, జాంజిబార్ కలిసి టాంజానియా అయ్యాయి. సామ్రాజ్యం వెళ్లిపోయాక దాని కప్పును పక్కన పడేయవచ్చు. వారు అలా చేయలేదు. పేరు మార్చి, పోటీని నిలుపుకున్నారు. గాసేజ్ పేరుతో చివరి పోటీ 1966లో జరిగింది. 1967 నుంచి అది తూర్పు, మధ్య ఆఫ్రికా సీనియర్ చాలెంజ్ కప్పు అయింది. 1973 నుంచి తూర్పు, మధ్య ఆఫ్రికా ఫుట్‌బాల్ సంఘాల మండలి, అంటే సెకాఫా, తన పేరుతోనే దీన్ని నడిపింది. ఆ సంవత్సరం ఉగాండా గెలిచింది. తరువాతి కాలంలో ఇథియోపియా, సూడాన్, రువాండా వంటి దేశాలు కూడా ఈ పోటీలో పాల్గొన్నాయి.

జాంజిబార్ విషయం మరింత ఆసక్తికరం. రాజకీయంగా అది టాంజానియాలో భాగం. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫాలో దానికి సభ్యత్వం లేదు. కాని సెకాఫా పోటీలో అది వేరే జట్టుగానే ఆడుతుంది. 1995లో కప్పు కూడా గెలిచింది. 1964లో దేశపటం నుంచి తొలగిపోయిన ఒక సరిహద్దు ఫుట్‌బాల్ పట్టికలో ఇంకా మిగిలి ఉంది.

3. కొలంబో కప్పు

ఇప్పుడు మన వైపుకు వద్దాం. 1952లో కొలంబోలో భారతదేశం, పాకిస్తాన్, సిలోన్, బర్మా జట్లు ఒక పోటీలో ఆడాయి. దీనినే కొలంబో కప్పు అంటారు. తూర్పు ఆఫ్రికాలో వలె ఇక్కడ కూడా నాలుగు జట్లు. నాలుగూ బ్రిటిష్ పాలన చూసిన పొరుగు ప్రాంతాలు. ఒక తేడా మాత్రం ఉంది. అక్కడ పోటీ వలస పాలనలో మొదలై స్వాతంత్ర్యంలోకి నడిచింది. ఇక్కడ 1947, 1948లలో స్వాతంత్ర్యం వచ్చిన తరువాతే పోటీ మొదలైంది.

మొదటి సంవత్సరం భారత, పాకిస్తాన్ జట్లు కప్పును పంచుకున్నాయి. దేశ విభజన జరిగి అప్పటికి ఐదేళ్లు కూడా నిండలేదు. 1953లో రంగూన్‌లో, 1954లో కలకత్తాలో, 1955లో ఢాకాలో భారతదేశమే గెలిచింది. నాలుగు దేశాలూ తలా ఒకసారి ఆతిథ్యమిచ్చాయి. ఆ ఒక్క చుట్టుతో పోటీ ఆగిపోయింది.

4. ఆ కాలపు హైదరాబాదు

కొలంబో కప్పు జరిగిన సంవత్సరాలు హైదరాబాదు ఫుట్‌బాల్‌కు మంచి రోజులు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఆ జట్టు ఆటగాళ్లు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో ఉన్నారు.

ఈ ఎదుగుదల వెనుక ఉన్నవారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909లో హైదరాబాదులో జన్మించారు. బడిలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయులు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మళ్లీ స్వర్ణం తెచ్చింది. రహీం అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్‌లో ఆయన మరణించారు.

సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో తమిళ కుటుంబంలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం కూడా రహీం తీర్చిదిద్దిన ఆటగాడే. ఆయన 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడారు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశారు. 1962 స్వర్ణ జట్టులోనూ ఉన్నారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు, తమిళం మాట్లాడే ఇళ్ల పిల్లలు తెలుగు నేల మీద ఆట నేర్చుకుని దేశానికి ఆడారన్నది మన ప్రాంతీయ చరిత్రలో మరువరాని అంశం.

5. ఒకటి నిలిచింది, ఒకటి ఆగింది: ఎందుకు?

1967లో కెన్యా, ఉగాండా, టాంజానియా కలిసి తూర్పు ఆఫ్రికా సమాజం అనే ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. రైల్వేలతో సహా అనేక సేవలను ఉమ్మడిగా నడిపాయి. పరస్పర విభేదాల వల్ల 1977లో ఆ సంస్థ విచ్ఛిన్నమైంది. ఉమ్మడి రైల్వే మూడు ముక్కలయింది. 1978–79లో ఉగాండా, టాంజానియా యుద్ధానికి దిగాయి. ఇంత జరిగినా ఫుట్‌బాల్ కప్పు బతికింది. సమాజాన్ని పునరుద్ధరించే ఒప్పందం 1999లో గాని కుదరలేదు. అంటే ప్రభుత్వాలు విడిపోయిన కాలంలో కూడా ఆ దేశాలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టినవాటిలో ఫుట్‌బాల్ మండలి ఒకటి.

కొలంబో కప్పు విషయంలో ఇలా జరగలేదు. 1955 తరువాత, దక్షిణాసియా జాతీయ జట్ల కోసమే ప్రత్యేకంగా మరో ఫుట్‌బాల్ పోటీ రావడానికి 1993 దాకా ఆగవలసి వచ్చింది. ఆ సంవత్సరం లాహోర్‌లో జరిగిన సార్క్ గోల్డ్ కప్పును భారతదేశం గెలిచింది. మధ్యలో గడిచినవి 38 సంవత్సరాలు. ఈ కాలంలో భారత జట్టు ఆసియా స్థాయిలో వెనుకబడింది. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం వచ్చింది. 1962 తరువాత స్వర్ణం మాత్రం రాలేదు.

కొలంబో కప్పు ఆగిపోవడమే భారత జట్టు వెనుకబాటుకు కారణమని మీరు వెంటనే రాయబోతారు. అక్కడే ఆగాలి. ఒకదాని తరువాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. ఇదే కాలంలో 1954లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. 1956లో ఆసియా కప్పు ప్రారంభమైంది. 1963లో రహీం కన్నుమూశారు. ఇవన్నీ తూచి చూడకుండా తీర్పు చెప్పరాదు. అయితే ఒక మాట ధైర్యంగా చెప్పవచ్చు. గెలుపు ఒక పోటీని బతికించదు. వరుసగా గెలిచిన మన జట్టు కొలంబో కప్పును నిలపలేకపోయింది. ఏటా తేదీ, వేదిక నిర్ణయించి, ఆటగాళ్లను రప్పించే శాశ్వత సంస్థ ఉన్నచోట పోటీ నిలుస్తుంది. తూర్పు ఆఫ్రికా అనుభవం చూపేది ఇదే.

6. సారాంశం

సామ్రాజ్యం రైలు పట్టాలు వేసింది, సరిహద్దులు గీసింది, ఆటనూ తెచ్చింది. వాటితో ఏం చేయాలో తరువాతి తరాలు నిర్ణయించుకున్నాయి. తూర్పు ఆఫ్రికా దేశాలు సబ్బుల కంపెనీ కప్పును తమ సొంత వ్యవస్థగా మార్చుకున్నాయి. దక్షిణాసియా దేశాలు స్వయంగా మొదలుపెట్టిన కప్పును నాలుగేళ్లకే వదులుకున్నాయి.

ఈ రెండు చరిత్రలూ దూరదూరంగా లేవు. 2024 సెప్టెంబరులో హైదరాబాదు గచ్చిబౌలి మైదానంలో భారత జట్టు ఆఫ్రికా జట్టయిన మారిషస్‌తో ఆడింది. ఒక్క గోలూ లేకుండా ఆట ముగిసింది. ఒకప్పుడు కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగు కూలీల వారసులు నేటికీ మారిషస్‌లో ఉన్నారు. సముద్రం అవతలివారు కూడా ఒక విధంగా మనకు పొరుగువారే.

7. మాదిరి ప్రశ్నలు

1. గాసేజ్ కప్పు సెకాఫా కప్పుగా మారిన క్రమాన్ని వివరించండి.
2. 1950వ దశకపు భారత ఫుట్‌బాల్‌లో హైదరాబాదు స్థానాన్ని అంచనా వేయండి.
3. ‘ఒకదాని తరువాత ఒకటి జరగడం వేరు, ఒకదాని వల్ల ఒకటి జరగడం వేరు.’ కొలంబో కప్పు ఆధారంగా చర్చించండి.
4. క్షేత్ర కార్యక్రమం: దొనకొండలో గాని, మీకు దగ్గరి మరో రైల్వే ఊరిలో గాని పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగి ఒకరిని కలవండి. వారి చిన్ననాడు కాలనీలో ఏ ఆటలు ఆడేవారు, ఎవరు ఎవరితో కలిసి ఆడేవారు, ఎవరిని ఆడనిచ్చేవారు కాదు అని అడిగి రెండు పేజీలలో రాయండి. విన్నదాన్ని, మీరు ఊహించినదాన్ని వేరువేరుగా చూపండి.