మార్సేలో ఒక మాట వెంట

మీరు ఫ్రాన్స్‌లోని మార్సే నగరంలో బూల్వార్ మిషెలే మీద బస్సు దిగారు. చెట్ల వెనక, లావుపాటి కాంక్రీటు కాళ్ల మీద లేచిన పద్దెనిమిది అంతస్తుల భవనం. వాస్తుశిల్పి లె కొర్బ్యూజియే 1952లో పూర్తిచేసిన ‘యూనితే దాబితాసియోఁ’. ఊళ్లోవాళ్లు దీన్ని పిచ్చోడి ఇల్లు అనేవారు. దగ్గరికెళ్లి ఒక కాలి మీద అరచెయ్యి ఆనించండి. సెంట్రింగ్ చెక్కల ఈనెలు, కణుపులు, రెండు పలకల సందులోంచి ఉబికి గట్టిపడ్డ సిమెంటు గీత, అన్నీ వేళ్లకు తగులుతాయి. మన మేస్త్రీ చూస్తే ప్లాస్టరింగ్ ఎప్పుడు చేస్తారని అడుగుతాడు. ఎప్పటికీ చెయ్యరు. ఇది ‘బెతోఁ బ్ర్యూట్’, పూత పూయకుండా వదిలేసిన ముడి కాంక్రీటు. ‘బ్ర్యూట్’ అంటే ముడి. చండీగఢ్‌లో కట్టిన భవనాలనూ కొర్బ్యూజియే ఇలాగే వదిలేశాడు. బ్రూటలిజం అన్న భవనశైలి పేరు ఇక్కణ్ణుంచే మొలిచిందంటారు. అందులో క్రౌర్యం వెతకడం దండగ.

ఎండ ముదిరింది, కాఫీకి కూర్చోండి. పక్క బల్ల దగ్గర కొత్త ఉద్యోగం వచ్చిన కుర్రాడు జీతం చెప్పాడో లేదో, ఎదుటివాడు అందుకున్నాడు: “బ్ర్యూటా, నెట్టా?” అంటే స్థూలమా, నికరమా అని. ఇక్కడ జీతం మాటొస్తే ముందు తేల్చుకోవాల్సింది అదే. పెన్షన్, ఆరోగ్యబీమా లాంటి కోతలకు ప్రైవేటు ఉద్యోగి జీతంలో ఐదో వంతు పైనే పోతుంది. 2019 నుంచి ఆదాయపు పన్నూ జీతంలోనే పట్టేస్తున్నారు. గోడ మీది టీవీలో మళ్లీ అదే మాట, ఈసారి ముడిచమురు ధర. మనకైతే ముడి వేరు, స్థూలం వేరు. వీళ్లకు రెండూ ఒకటే.

సాయంత్రం పుట్టినరోజు పార్టీకి పిలిచారు కదా, వైన్ దుకాణంలోకి నడవండి. షాంపేన్ అరలో దాదాపు ప్రతి సీసా మీదా ‘బ్ర్యూట్’ అనే ఉంది. చెయ్యి పెట్టని సరుకనుకుంటారేమో. పులియబెట్టి, మడ్డి తీసేశాక ఈ సీసాల్లో చాలావాటికి కొలిచి మరీ చక్కెర కలుపుతారు. లీటరుకు 12 గ్రాములు దాటకపోతే బ్ర్యూట్ అని రాసుకోవచ్చు. మొత్తం 3 గ్రాముల లోపే ఉండి, అసలు చక్కెర కలపకపోతే ‘బ్ర్యూట్ నాత్యూర్’. నన్నడిగితే ముడి అన్న పేరు దానికే చెల్లుతుంది. పక్కన ‘సెక్’ ఉంది, అంటే పొడి. అందులో 17 నుంచి 32 గ్రాముల చక్కెర! 19వ శతాబ్దంలో షాంపేన్ పానకంలా తాగేవారు, ఆ రుచి పక్కన ఇది పొడే మరి. కేకుతో తాగడానికని చెబితే దుకాణదారు బ్ర్యూట్ సీసా మీ చేతిలోంచి తీసుకుని, ఇంకా తియ్యనిది, ‘దమీ-సెక్’ ఇస్తాడు.