సియాచిన్: బుల్లెట్ కంటే మంచే ఎక్కువ మందిని తీసుకెళ్లిన చోటు

మా కాప్రా పక్కనే సైనిక్‌పురి ఉంది. పేరులోనే ఉంది కదా, రిటైరైన సైనికుల కోసం వెలిసిన కాలనీ అది. మనకి చలికాలంలో పన్నెండు డిగ్రీలకి పడితేనే స్వెట్టర్లు బయటికొస్తాయి. అలాంటి దక్షిణాది నుంచే ఎక్కువ మంది వెళ్లిన 19వ మద్రాస్ బెటాలియన్‌లోని పది మంది జవాన్ల మీద మంచు కూలిన రోజు గురించి ఈ ఎపిసోడ్.

ముందు అసలు మనవాళ్లు అక్కడ ఎందుకున్నారో చూద్దాం. 1949 కరాచీ ఒప్పందంలో భారత్, పాకిస్తాన్ కాల్పుల విరమణ రేఖ గీసుకున్నాయి. ఆ గీత ఎన్‌జే 9842 అనే పాయింట్ దగ్గర ఆగిపోయింది. ఆపైన ఉత్తరంగా హిమానీనదాల వైపు అని రాసి వదిలేశారు. అంత ఎత్తులో ఎవరుంటారులే అనుకున్నారు. ఆ ఖాళీయే తర్వాత గొడవైంది. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో మన సైన్యం సియాచిన్ ఎత్తులు పట్టుకుంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా దిగలేదు.

2003 నవంబరులో కాల్పుల విరమణ వచ్చింది. సియాచిన్‌లో తుపాకులు ఆగాయి. చావులు ఆగలేదు. ఎందుకంటే అక్కడ మొదటి నుంచీ ఎక్కువ ప్రాణాలు తీసింది వాతావరణమే.

మంచు ఎలా కూలుతుందో సింపుల్‌గా చెప్తాను. పూతరేకు గుర్తు తెచ్చుకోండి. పొర మీద పొర, మధ్యలో చక్కెర. కొండ మీద మంచు కూడా అంతే, ఒక్కో తుఫానుకి ఒక్కో పొర. బాగా చలి ఉన్నప్పుడు లోపలి పొరలో మంచు చక్కెర పలుకుల్లా మారుతుంది, ఒకదానికొకటి అంటుకోదు. దాని మీద కొత్త తుఫాను ఒక్క రాత్రిలో మీటరు మంచు వేస్తే? గాలి ఇంకో పక్క మంచుని కూడా ఊడ్చుకొచ్చి అక్కడే పోస్తే? పలుకుల పొర బరువు ఆపలేదు, పైదంతా పలకలా జారుతుంది. ముప్పై నుంచి నలభై ఐదు డిగ్రీల వాలు మరీ ప్రమాదం. అందుకే తుఫాను నడుస్తున్నప్పుడు, ఆగిన మొదటి రోజుల్లో రిస్క్ ఎక్కువ. మన దేశంలో ఈ హెచ్చరికల కోసమే 1969లో మనాలీలో ఒక సంస్థ మొదలైంది. డీఆర్‌డీఓ కింద పని చేసిన ఆ సంస్థనే సాసే అనేవాళ్లు.

కానీ 2016 ఫిబ్రవరి 3న సోనమ్ పోస్టు దగ్గర జరిగింది వేరు. ఎత్తు 19,600 అడుగులు. కూలింది కొత్త మంచు పలక కాదు, పెద్ద ఐస్ గోడ. పొర తవ్వి చూసి అంచనా వేసే వీలు దీనికి చాలా తక్కువ. పది మందీ కింద పడిపోయారు. అందులో మన తెలుగువాడు, అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకి చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఉన్నారు.

మంచులో కూరుకున్నవాళ్లని పావుగంటలోపు తీస్తే చాలామంది బతుకుతారు. అరగంట దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది. ఇక్కడేమో తవ్వాల్సింది పాతిక అడుగులకి పైన, అదీ రాయిలా గట్టిపడ్డ ఐస్. కట్టర్లు, రాడార్లు, కుక్కలతో జవాన్లు రాత్రింబవళ్లు తవ్వారు. ఆరో రోజు, ఫిబ్రవరి 8న, లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణంతో దొరికారు. కర్ణాటక ధార్వాడ జిల్లా మనిషి. కాస్త గాలి మిగిలిన చోట చిక్కుకోవడమే ఆయన్ని అన్ని రోజులు నిలిపింది. దేశం మొత్తం ప్రార్థించింది. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆర్మీ ఆసుపత్రిలో కన్నుమూశారు. పది మందిలో ఒక్కరూ మిగల్లేదు.

అటువైపు కూడా చూడాలి. 2012 ఏప్రిల్ 7న గయారీలో పాకిస్తాన్ స్థావరం మీద మంచు పడింది. సైనికులు, పౌరులు కలిపి 140 మంది పోయారు. మంచు జెండా చూసి పడదు.

మరి ఇద్దరూ దిగిపోవచ్చు కదా? మాటలు చాలాసార్లు జరిగాయి. ఇప్పుడు ఎవరెక్కడున్నారో ముందు మ్యాప్ మీద సంతకం పెట్టండి అంటుంది భారత్. పాకిస్తాన్ ఒప్పుకోదు. ఖాళీ చేసిన శిఖరాలు వాళ్లు ఎక్కేస్తే మళ్లీ పట్టుకోవడం ఎంత కష్టమో మన సైన్యానికి తెలుసు. ఆ భయం ఉత్తిది కాదు, కార్గిల్ చూశాం.

నా రూట్ కాజ్ ఒక్కటే. 1949లో గీత గీసినవాళ్లు పూర్తి చేయని ఒక్క వాక్యం. దాని బాకీ పార్నపల్లె, ధార్వాడ లాంటి ఊళ్లు కడుతున్నాయి. దిగాలా వద్దా అనే వాదన మనం చేసుకోవచ్చు. కానీ అక్కడ "శత్రువు" అన్నప్పుడు కొండ వైపు కూడా చూసి మాట్లాడదాం.

మీ ఊళ్లో సియాచిన్‌లో డ్యూటీ చేసొచ్చినవాళ్లు ఉంటే వాళ్లతో కూర్చుని అడగండి. ఆ చలి గురించి వాళ్లు చెప్పేది ఏ వీడియోలోనూ దొరకదు. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.