దుంగ, తాడు, ఎనిమిది మంది

మైదానంలో పీపాలు, గుంజలు, ఎత్తుపల్లాల దిమ్మెలు. ఇవతల ఒక గీత, అవతల ఒక గీత, మధ్యలో నేల తాకకూడదు. ఎరుపు రంగు పూసిన చోట కాలు పెట్టకూడదు, సామాను కూడా ఆనించకూడదు. చేతికిచ్చేది ఒక పలక, ఒక దుంగ, ఒక తాడు, మోసుకుపోవాల్సిన ఒక బరువు. ఛాతీకి నంబర్లు కట్టుకున్న ఎనిమిది, పది మంది ఆ గీత దగ్గర నిలబడతారు. మొన్నటిదాకా ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్లు. నాయకుడు ఎవరో ఎవరూ చెప్పరు. పక్కన ఒక అధికారి మాట్లాడకుండా చూస్తూ ఉంటాడు.

సర్వీసెస్ సెలక్షన్ బోర్డు, అందరూ అనేది ఎస్.ఎస్.బి. భారత సైన్యంలో అధికారి కావాలంటే ఈ అయిదు రోజుల పరీక్ష దాటాలి. విజయనగరం పక్కన కోరుకొండలో 1962లో సైనిక్ స్కూలు పెట్టినప్పటి నుంచి ఉత్తరాంధ్ర ఊళ్లకు ఈ మూడక్షరాలు బాగా పరిచయం. రాత పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుని కూడా ఇక్కడ వెనుదిరిగినవాళ్లు, మళ్లీ వెళ్లి గెలిచినవాళ్లు ఆ చుట్టుపక్కల చాలామందే. వాళ్లు ఎత్తిన ఆ దుంగకు పెద్ద చరిత్రే ఉంది. ఫలానా పనికి ఫలానా స్వభావం ఉన్నవాడే పనికొస్తాడా, ఆ స్వభావాన్ని ముందుగా పసిగట్టడం ఎలా అని దేశాలు దేశాలే తల పట్టుకున్న చరిత్ర అది.

బ్రిటిష్ పాలకులు ఈ ప్రశ్నకు మొదట ఇచ్చిన జవాబు చాలా మొరటుది. మనిషిని చూడక్కర్లేదు, కులమూ ప్రాంతమూ చూస్తే చాలనుకున్నారు. దాని దెబ్బ తెలుగువాళ్లకు నేరుగా తగిలింది. 18వ శతాబ్దంలో మద్రాసు వైపు నుంచి వెళ్లిన సిపాయిలు బెంగాల్లో ఎంత పేరు పడ్డారంటే, ఉత్తరాదిలో కంపెనీ సిపాయి ఎవడైనా వాణ్ని ‘తిలంగా’ అనేవారు. నూరేళ్లు తిరిగేసరికి అదే కొలువులో దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారన్న ముద్ర పడింది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా ఉండి, తర్వాత భారత సైన్యానికే అధిపతి అయిన లార్డ్ రాబర్ట్స్ ఈ ‘యుద్ధజాతుల’ సిద్ధాంతాన్ని గట్టిగా పట్టుకున్నాడు. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లు పుట్టు వీరులు, దక్షిణాదివాళ్లు మెత్తనివాళ్లు. దీంతో మద్రాసు దళాలు తగ్గుతూ వచ్చాయి, తెలుగువాళ్ల చేరిక సన్నగిల్లింది. ఒక్కొక్క మనిషినీ పరీక్షించి తేల్చిన సంగతి కాదిది. అయినా దాని బరువు తరాల తరబడి మోయాల్సి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక మద్రాసు రెజిమెంటును మళ్లీ నిలబెట్టాల్సి వచ్చినప్పుడే ఆ ముద్ర కాస్త చెరిగింది.

ఐరోపాలో ఇంకో రకం వర్గీకరణ సాగుతోంది. 1921లో రెండు పుస్తకాలు వచ్చాయి. స్విట్జర్లాండులో కార్ల్ యుంగ్ మనుషులను అంతర్ముఖులు, బహిర్ముఖులు అని విడదీశాడు. జర్మనీలో ఎర్నెస్ట్ క్రెష్మర్ ఒంటి తీరునుబట్టి స్వభావం చెప్పవచ్చన్నాడు. అంతకు నాలుగేళ్ల ముందే, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఏ సైనికుడు ఫిరంగి మోతకు మతి చలించిపోతాడో ముందే తెలుసుకోవాలని అమెరికాలో రాబర్ట్ వుడ్‌వర్త్ అవును, కాదు అని జవాబు రాసే ప్రశ్నల పట్టిక తయారుచేశాడు. అది వాడకంలోకి వచ్చేలోపే యుద్ధం ముగిసింది. నేడు ఉద్యోగాల కోసం నింపే వ్యక్తిత్వ ప్రశ్నావళులన్నింటికీ అదే మూలపురుషుడు. యుంగ్ విభజన తీసుకుని ఇసబెల్ మయర్స్ అనే రచయిత్రి, తల్లి కాథరిన్ బ్రిగ్స్‌తో కలిసి, 1940లలో పదహారు రకాల మనుషుల పట్టిక రూపొందించింది. ఇంట్లో మొదలైన ఆ పని ప్రపంచమంతటా కంపెనీల శిక్షణ తరగతుల్లోకి ఎక్కింది. కాగితం మీద సాగిన దారి ఇది. దీనిలో చిక్కు ఒకటుంది. తానెలాంటివాడో చెప్పేది ఆ మనిషే. ఉద్యోగం కావాలనుకున్నవాడు ఏ జవాబు నచ్చుతుందో ఊహించగలడు.

జర్మన్ సైన్యం వేరే దారి పట్టింది. మొదటి యుద్ధం తర్వాత అధికారుల ఎంపికకు మనస్తత్వవేత్తలను నియమించుకుంది. మాక్స్ సిమోనైట్ అందులో ముఖ్యుడు. అభ్యర్థికి కొందరు సైనికులను అప్పగించి, ఒక పని చెప్పి, వాళ్లతో ఎలా మెలుగుతాడో చూసేవారు. స్ప్రింగులు సాగదీయిస్తూ, చేతుల్లోకి కరెంటు పంపిస్తూ, ఆ నొప్పికి ముఖం ఎలా మారుతుందో దొంగచాటుగా సినిమా తీసేవారు. ముఖకవళికల్లో గుణం దొరుకుతుందన్న నమ్మకం వాళ్లది. ఆ పిచ్చి పక్కన పెడితే, మనిషిని పనిలో పెట్టి చూడాలన్నది మాత్రం విలువైన ఆలోచన. 1932 నుంచి 1935 దాకా బెర్లిన్‌లో బ్రిటిష్ సైనిక ప్రతినిధిగా ఉన్న ఆండ్రూ థార్న్ ఈ పద్ధతులు గమనించాడు.

1941 నాటికి బ్రిటన్‌కు అవి అవసరమయ్యాయి. అప్పటిదాకా అక్కడ అధికారిని ఎంచడం అంటే కాసేపటి ముఖాముఖి. ఏ స్కూల్లో చదివాడు, తండ్రి ఎవరు, ఆటలు ఆడతాడా. సైన్యం పెరిగి లక్షలకు చేరాక ఆ స్కూళ్ల పిల్లలు చాలలేదు. కార్మికుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లను చూసి ఏం తేల్చాలో ముఖాముఖి జరిపే పాత కల్నల్‌కు తెలియలేదు. ఎంపికైనవాళ్లు శిక్షణలోనే విఫలమవుతున్నారు. పార్లమెంటులో ప్రశ్నలు లేచాయి. సైన్యంలో మనుషుల వ్యవహారాలన్నీ చూసే రోనాల్డ్ ఆడమ్, మనోవైద్యులను పిలిపించాడు. అప్పటికి స్కాట్లండ్ సేనలకు అధిపతిగా ఉన్న థార్న్ తోడ్పాటుతో 1942లో ఎడిన్‌బరోలో ప్రయోగాలు మొదలయ్యాయి.

అక్కడికి వచ్చిన వైద్యుల్లో ఒకాయన విల్ఫ్రెడ్ బియాన్. పుట్టింది 1897లో, మన మథురలో. తండ్రి ఇంజనీరు. ఎనిమిదేళ్లకే చదువుకోసం ఇంగ్లండ్ పంపేశారు. మొదటి యుద్ధంలో ట్యాంకు దళంలో పోరాడి శౌర్య పతకం పొందాడు. ప్రాణభయం ముందర అధికారి అనేవాడు ఏమవుతాడో పుస్తకాల్లో చదవాల్సిన అవసరం లేనివాడు. ఆయన తెచ్చిన మార్పు పైకి చిన్నది. జర్మన్లు అభ్యర్థిని నాయకుడిగా నిలబెట్టి చూశారు. బియాన్ అసలు నాయకుణ్నే పెట్టలేదు. ఎనిమిది మందిని ఒక పని దగ్గర వదిలేశాడు.

ఎందుకంటే, ఆ ఎనిమిది మందిలో ప్రతివాడికీ తాను ఎంపిక కావాలనుంది. తాను మెరవాలంటే పక్కవాణ్ని వెనక్కి నెట్టాలి. పని పూర్తి కావాలంటే పక్కవాడితో కలవాలి. ఈ రెండిటి మధ్య మనిషి నలుగుతాడు. దుంగ అవతలి గీత దాటిందా లేదా అన్నది బియాన్‌కు పట్టలేదు. తన బతుకుతెరువే తేలిపోయే క్షణంలో కూడా పక్కవాడి గురించి పట్టించుకోగలుగుతున్నాడా అన్నదే ఆయన చూపు. మనుషులను ఎంచిన చరిత్ర మొత్తంలో ఇంత సూక్ష్మమైన ప్రశ్న మరొకటి కనిపించదు. కులం అడగలేదు, స్కూలు అడగలేదు, అంతర్ముఖుడివా బహిర్ముఖుడివా అని కూడా అడగలేదు. యుద్ధం ముగిసేలోగా లక్ష మందికి పైగా ఈ బోర్డుల ముందుకు వచ్చారు.

అట్లాంటిక్ అవతల అమెరికా గూఢచారి సంస్థ కూడా 1943 చివర వర్జీనియాలో ఇలాంటి శిబిరమే పెట్టింది. అధిపతి హార్వర్డ్ మనస్తత్వవేత్త హెన్రీ మర్రే. అక్కడ ఒక పరీక్షలో కర్రలు, దిమ్మెలు ఇచ్చి పది నిమిషాల్లో చట్రం కట్టమనేవారు. సాయానికి ఇద్దరు కూలీలు. ఒకడు కదలడు, రెండోవాడు ఎగతాళి చేస్తూ పని చెడగొడతాడు. ఇద్దరూ శిబిరం మనుషులే. చట్రం లేవడం కోసం పెట్టిన పరీక్ష కాదిది, కోపం ఎప్పుడు కట్టు తెంచుకుంటుందో చూడటానికి.

భారతదేశంలో మొదటి బోర్డు 1943లో డెహ్రాడూన్‌లో వెలిసింది. యుద్ధావసరమే కారణం, పద్ధతి మొత్తం బ్రిటన్‌దే. స్వాతంత్ర్యం వచ్చాక మన సైన్యం దాన్ని వదులుకోలేదు. 1949లో రక్షణ శాఖలో మనస్తత్వ పరిశోధన విభాగం ఏర్పడింది. అదే పెరిగి నేడు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో కింద పనిచేసే డీఐపీఆర్ అయింది. పరీక్షల్లో మర్రే ముద్ర కూడా ఉంది. ఆయనా క్రిస్టియానా మోర్గనూ 1935లో ప్రకటించిన పద్ధతిలోనే అభ్యర్థికి మసకగా ఉండే బొమ్మ అర నిమిషం చూపించి నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు. అలాంటివి పదకొండు, పన్నెండోది ఖాళీ తెర. తర్వాత పదిహేను సెకన్లకొకటి చొప్పున అరవై మాటలు, మాట చూడగానే తోచిన వాక్యం రాయాలి. ఆ పైన అరవై సందర్భాలు, అరగంటలో అన్నిటికీ జవాబు. ఆలోచించి అందంగా చెప్పేందుకు వ్యవధి ఇవ్వకపోవడమే ఇందులోని కిటుకు.

మొత్తం పదిహేను గుణాలు వెతుకుతారు. బాధ్యత, చొరవ, సహకారం, ధైర్యం, నిర్ణయంలో వేగం, అలాంటివి. వెతికేవాళ్లు ముగ్గురు. రాతలు చదివే మనస్తత్వవేత్త, ముఖాముఖి జరిపే అధికారి, మైదానంలో చూసే అధికారి. మనసా, వాచా, కర్మణా అని వాళ్లే ఆ మూడింటినీ చెప్పుకుంటారు. చివరి రోజు సమావేశం దాకా ఒకరి అంచనా ఇంకొకరికి తెలియనివ్వరు.

ఈ బోర్డు కాదన్నవాళ్లలో అందరికీ తెలిసిన పేరు అబ్దుల్ కలాం. 1958 ప్రాంతంలో వైమానిక దళంలో చేరాలని డెహ్రాడూన్ వెళ్లారు. ఇరవై అయిదు మందిలో ఎనిమిది మందిని తీసుకున్నారు, ఆయనకు తొమ్మిదో స్థానం వచ్చింది. అక్కడ తెలివికంటే వ్యక్తిత్వానికే పెద్దపీట వేసినట్టు అనిపించిందని ఆత్మకథలో రాసుకున్నారు. తర్వాత 1982లో హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ పగ్గాలు పట్టి, పృథ్వి, అగ్ని క్షిపణుల పనిలో వందలాది మందిని ఒక్కతాటి మీద నడిపించారు. ఆపైన డీఆర్‌డీవో మొత్తానికి అధిపతి అయ్యారు. ఎంపిక పరీక్షలు తయారుచేసే డీఐపీఆర్ కూడా అప్పుడు ఆయన కిందే ఉంది. దీన్నిబట్టి బోర్డు తప్పు చేసిందనడం తొందరపాటే. యుద్ధవిమానం నడపడం, శాస్త్రవేత్తల బృందాన్ని నడపడం రెండు వేర్వేరు పనులు. ఒక పనికి కాదన్న మనిషిని నాయకత్వానికే తగడని అనుకుంటే మాత్రం ఎంత నష్టపోయేవాళ్లమో ఆ జీవితం చెబుతుంది.

మరి ఈ దుంగ పరీక్ష నిజంగా ఏమైనా చెబుతుందా? ఈ ప్రశ్నను నిజాయితీగా ఎదుర్కొన్నవాడు 21 ఏళ్ల కుర్రాడు. 1955లో ఇజ్రాయెల్ సైన్యంలో బ్రిటిష్ పద్ధతినే వాడేవారు. ఎనిమిది మంది, నంబర్లు, ఒక పొడవాటి దుంగ, ఆరడుగుల గోడ. పక్కన కూర్చుని అంచనా వేసేవాళ్లలో డానియల్ కానెమన్ ఒకడు. గోడ దగ్గర చూస్తుంటే ఎవరు ఎలాంటివారో కళ్లకు కట్టినట్టు తెలిసిపోయేది. కొన్ని నెలలకోసారి అధికారుల శిక్షణ కేంద్రం నుంచి అసలు ఫలితాలు వచ్చేవి. పోల్చి చూస్తే వీళ్ల జోస్యం కళ్లు మూసుకుని చెప్పినదానికంటే పెద్దగా మెరుగు కాదు. విచిత్రం ఏమంటే, ఆ సంగతి తెలిసి కూడా మర్నాడు మరో బృందాన్ని చూసినప్పుడు అదే గట్టి నమ్మకం కలిగేది. ఆ అనుభవం ఆయన జీవితమంతటి పరిశోధనకూ బీజం, 2002లో నోబెల్ దాకా సాగిన దారి.

ఆయన అక్కడితో ఆగలేదు. సైనికుల ముఖాముఖిని మార్చేశాడు. ఆరు గుణాలు ఎంచి, ఒక్కోదాని గురించి ఆ మనిషి గతంలో నిజంగా చేసిన పనులు అడిగి, ఒకదానికి మార్కు వేశాకే రెండోదానికి వెళ్లమన్నాడు. మొత్తం మీద ఎలాంటివాడన్నది ముందే తేల్చేయొద్దన్నాడు. ముఖాముఖి జరిపేవాళ్లు తమను యంత్రాలుగా మారుస్తున్నావని మండిపడ్డారు. ఫలితాలు మాత్రం పాతవాటికంటే స్పష్టంగా మెరుగయ్యాయి.

దీని వెలుగులో చూస్తే మన బోర్డుల్లో అన్నిటికంటే విలువైనది ముగ్గురు విడివిడిగా తూచడమే. దుంగ కంటికి కనిపిస్తుంది, ఫోటోల్లో బాగుంటుంది. తూకం నిలబడేది మాత్రం ముగ్గురూ ఒకరి మాటకు ఒకరు లొంగకుండా రాసుకున్న కాగితాల మీద.

అమెరికాలో టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ 1956లో ఇదే పద్ధతిని మేనేజర్ల మీద వాడి చూసింది. డగ్లస్ బ్రే నడిపిన ఆ అధ్యయనంలో ఫలితాలను కంపెనీకే చెప్పలేదు. చెబితే పై అధికారులు మంచి మార్కులవాళ్లను ఎక్కించేస్తారు, జోస్యం తనంతట తానే నిజమైపోతుంది. కొన్నేళ్ల తర్వాత లెక్క చూస్తే పైకెదుగుతారన్నవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువగానే పైకెదిగారు. ఇజ్రాయెల్‌లో తేలిపోయిన పద్ధతి ఇక్కడ ఎందుకు నిలిచిందంటే, బహుశా ఇక్కడ ఒక్క గోడ దగ్గరి చూపును నమ్ముకోలేదు కాబట్టి. రాతలు, ముఖాముఖి, బృంద చర్చ, ఎన్నో పరీక్షలు కలిపి, ఎంతోమంది చూసి చెప్పారు.

1991లో ముర్రే బారిక్, మైకేల్ మౌంట్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన 117 అధ్యయనాలను కలిపి చూశారు. పోలీసులు, అమ్మకందార్లు, మేనేజర్లు, వృత్తి నిపుణులు, చేతిపనివాళ్లు, ఎవరైనా సరే, పనిలో రాణించడంతో ముడిపడి కనిపించిన గుణం ఒక్కటే. బాధ్యత ఎరిగి, పద్ధతిగా, పట్టిన పని వదలకుండా చేయడం. ఆ ముడి కూడా మరీ బలమైనదేమీ కాదు. కలుపుగోలుతనం అమ్మకందార్లకూ మేనేజర్లకూ పనికొచ్చింది, మిగతాచోట్ల అంతగా లేదు.

ఎడిన్‌బరో మైదానం నుంచి ఒక ముక్క విడిపోయి హైదరాబాద్, విశాఖ ఇంజనీరింగ్ కాలేజీల దాకా వచ్చింది. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో పెట్టే గ్రూప్ డిస్కషన్ దాని సంతానమే. నాయకుడు లేని గుంపు, ఒక విషయం, ఒక పావుగంట. దుంగ లేదు, తాడు లేదు, కలిసి పూర్తి చేయాల్సిన పని లేదు. విడివిడిగా తూచి చివర్లో కలిసే ముగ్గురు కూడా చాలాచోట్ల ఉండరు. మిగిలింది మాట ఒక్కటే. గొంతు పెద్దదైనవాడు మొదట అందుకుంటాడు, ఇంగ్లిష్ మీడియంలో చదివినవాడు దాన్ని సాగదీస్తాడు, శ్రీకాకుళం పల్లె నుంచో పాలమూరు నుంచో వచ్చి, ఇచ్చిన పనిని రాత్రి మేల్కొనైనా పూర్తిచేసే పిల్ల తన వంతు కోసం చూస్తుండగానే పావుగంట అయిపోతుంది. 117 అధ్యయనాలు ఏ గుణాన్ని పట్టిచ్చాయో అది బయటపడే వీలే ఆ గదిలో లేదు.