పనిదినమా? పనివారమా?

వారంలో నాలుగు రోజులు పని, మూడు రోజులు సెలవు అంటే సంతోషించని ఉద్యోగి వుండడు. అయితే ఆ నాలుగు రోజులూ పన్నెండేసి గంటలు పనిచేయాలన్న రెండవ వాక్యాన్ని కూడా మనం చదవాలి. 2025 నవంబరు 21న కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. ఈ పద్ధతికి అవి అవకాశమిస్తున్నాయని డిసెంబరులో కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖ వివరించింది. అంతకుముందే, జూలైలో, తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలలో రోజుకు పది గంటల పనిని అనుమతించింది. రెండు చోట్లా వారానికి 48 గంటలే హద్దు. మొత్తం పెరగలేదు గదా, నష్టమేమిటని అడుగుతున్నారు. జవాబు చరిత్రలో వున్నది.

1911 చట్టం బట్టల మిల్లులలో పురుషుల పనిదినాన్ని 12 గంటలకు పరిమితం చేసింది. 1922లో రోజుకు 11, వారానికి 60 గంటలు అయ్యాయి. 1934లో, ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీలలో, 10, 54 అయ్యాయి. అంబేద్కర్ వైస్రాయి కౌన్సిలులో కార్మిక సభ్యుడుగా వున్న కాలంలో, 1946 సవరణతో, వారం 48 గంటలకు దిగింది. 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటల హద్దు పెట్టింది. వారపు హద్దు వచ్చినంత మాత్రాన రోజు హద్దును కార్మికోద్యమం వదులుకోలేదు. ఎందుకని? ఒంటి అలసట రోజురోజుకూ తీరవలసిందే. శనివారం దాకా దాచి తీర్చుకునే బాకీ కాదది. నేడు వరంగా చూపుతున్న పన్నెండు గంటలు 1911 నాటి అంకె!

నెలజీతగాడికి కనీసం వారమంటూ ఒకటి వున్నది. అది కూడా లేనివారి సంగతేమిటి? జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌ల వైభవానికి కూతవేటు దూరంలో వున్న కృష్ణానగర్‌లో తెల్లవారుజామున నిలబడితే నాకు ఈ ప్రశ్న కొట్టవచ్చినట్టు కనిపించింది. లైట్‌మన్, సెట్ పనివాడు, జూనియర్ ఆర్టిస్టు ప్రొడక్షన్ బండి కోసం అక్కడ ఎదురుచూస్తారు. వారికి వున్నది కాల్షీటు మాత్రమే. షూటింగ్ లేని రోజు వారి లెక్కలో సెలవు కాదు, పస్తు.

2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరి తెలుగు సినీ కార్మికులు చేసిన సమ్మెను ఈ దృష్టితో చూడాలి. నిర్మాతలు పెట్టిన షరతులలో కాల్షీటు వేళల సడలింపు వున్నది. రెండవ ఆదివారం, పండుగ సెలవులు తప్ప తక్కిన ఆదివారాలకు రెట్టింపు వేతనం వుండరాదన్నదీ వున్నది. అంటే పనిదినానికి హద్దు సడలాలి, విశ్రాంతి దినానికి విలువ తగ్గాలి! పద్దెనిమిది రోజుల తరువాత, ప్రభుత్వ జోక్యంతో, రోజుకు రెండు వేల లోపు వేతనం వున్నవారికి మూడేళ్ళలో విడతలుగా 22.5 శాతం పెంపుతో సమ్మె ముగిసింది. వేతనం కొంత పెరిగింది. పనిదినం ప్రశ్న మిగిలే వున్నది.

దూరం నుంచి ఆఫీసుకు వచ్చే ఉద్యోగికి మిగిలే ఒక రోజు ప్రయాణం విలువైనదేనని నేను కాదనను. కాని పన్నెండు గంటలు పనిచేసి యింటికి చేరిన స్త్రీకి వంటిల్లు మూడు రోజుల సెలవు దాకా ఆగదు. సెలవులు పెరగాలనే నేనూ కోరుతున్నాను. అవి ఎనిమిది గంటల దినాన్ని అమ్మి కొన్నవి కాకూడదు; జీతం కోతపడనివి కావాలి. రోజు హద్దును వారంలో కరగనిస్తే, రేపు వారపు హద్దును నెలలో కరిగించమని అడుగుతారు.