లాభాల గురించి అడిగితే ఎమర్జెన్సీ డోర్లు చూపించిన సీఈఓ

ఈ ఎపిసోడ్‌లో 1987కి వెళ్దాం. అమెరికాలో అల్కోవా అని పెద్ద అల్యూమినియం కంపెనీ. దానికి పాల్ ఓనీల్ కొత్త సీఈఓ. న్యూయార్క్‌లో ఇన్వెస్టర్లతో మొదటి మీటింగ్. లాభాల మాట వినాలని వాళ్లు కూర్చుంటే, ఈయన వర్కర్ల భద్రత గురించి మొదలుపెట్టాడు. హాల్లో ఎమర్జెన్సీ డోర్లు ఎటున్నాయో కూడా చూపించాడు! ఒకాయన బయటికి పరుగెత్తి, ఆ షేర్లు అమ్మేయండని తన క్లయింట్లకు ఫోన్లు కొట్టాడు.

మాటలు ఎవరైనా చెప్తారు. 'సేఫ్టీ ఫస్ట్' బోర్డులు మన ఫ్యాక్టరీల్లోనూ బోలెడు. వర్కర్ మాత్రం బోర్డు చూడడు, మెషిన్ ఆగితే సూపర్‌వైజర్ మొహం ఎలా మారుతుందో చూస్తాడు.

ఆరు నెలలకే పరీక్ష వచ్చింది. అరిజోనా ప్లాంటులో మెషిన్ జామ్ అయితే, కొత్తగా చేరిన ఓ కుర్రాడు అడ్డుగోడ దూకి లోపలికెళ్లాడు. మెషిన్ మళ్లీ కదిలి తలకు తగిలింది, చనిపోయాడు. మేనేజర్లు చూశారు, ఆపలేదు. రూల్ దాటింది వాడే కదా అని చేతులు దులుపుకోవచ్చు. ఓనీల్ అలా అనలేదు. పెద్ద ఆఫీసర్లందరినీ కూర్చోబెట్టి, ఇతన్ని చంపింది మనమే, తప్పు ముందు నాది అన్నాడు.

ఆయన పెట్టిన రూల్ ఒకటుంది. ఎవరికి దెబ్బ తగిలినా 24 గంటల్లో ఆ విభాగం ప్రెసిడెంట్ తనకు చెప్పాలి, మళ్లీ జరగకుండా ఏం చేస్తారో కూడా చెప్పాలి. ప్రెసిడెంట్‌కి తెలియాలంటే సూపర్‌వైజర్ చెప్పాలి, సూపర్‌వైజర్‌కి వర్కర్ చెప్పాలి. అంటే కింద నుంచి పై దాకా నోరు విప్పక తప్పదు. మేనేజర్ వినకపోతే నాకే చేయండని వర్కర్లకు ఇంటి నంబర్ కూడా ఇచ్చాడు. తమాషా ఏంటంటే, ఫోన్లు చేసినవాళ్లు ప్రమాదాలకంటే పని బాగుపడే ఐడియాలే చెప్పేవారట. ఆయన 2000లో కంపెనీ వదిలే నాటికి, పని మానాల్సినంత గాయాలు ఏడాదికి 100 మందికి 1.86 నుంచి సుమారు 0.2కి పడిపోయాయి.

అయితే 1996లో ఒకటి జరిగింది. షేర్‌హోల్డర్ల మీటింగ్‌లో ఒక క్రైస్తవ సన్యాసిని లేచి, మెక్సికోలోని మీ ప్లాంటులో వర్కర్లు విషవాయువులకు జబ్బుపడ్డారు అంది. మనుషుల్ని పంపి చూస్తే నిజమే. అక్కడివాళ్లు సమస్య సరిచేశారు, కానీ పైకి చెప్పలేదు. అమ్మకాలు బాగా పెంచిన సీనియర్ ఆఫీసర్‌కి విషయం తెలుసు. ఓనీల్ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశాడు. తొమ్మిదేళ్లు ఒకే మాట చెప్పిన కంపెనీలో కూడా ఆ సంగతి బయటి మనిషి లేచి అడిగితేనే బయటపడింది.