మదనపల్లె క్షయ వ్యాధి అధ్యయనము

మదనపల్లె క్షయ వ్యాధి అధ్యయనము పూర్వపు చిత్తూరు జిల్లాకు చెందిన మదనపల్లె పట్టణములోను, పరిసర గ్రామాలలోను 1950లో ప్రారంభమైన వైద్య పరిశోధన. దీనికి డెన్మార్కు దేశపు వైద్యుడు జోహానెస్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వము వహించాడు. క్షయ జనములో ఏ మేరకు ఉన్నది, బి.సి.జి. టీకా దానిని ఎంతవరకు అడ్డుకొనగలదు అను ప్రశ్నలకు ఆసుపత్రిలో గాక ఊళ్ళలోనే సమాధానము వెదకుట దీని ప్రత్యేకత.

నేపథ్యము

మదనపల్లె సమీపమున ఆరోగ్యవరములో క్రైస్తవ మిషన్లు కలిసి స్థాపించిన క్షయ శానటోరియము 1915 నుండి పనిచేసినది. నాడు క్షయకు మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, పౌష్టికాహారము ఇవే చికిత్స. శానటోరియములో చోటు దొరికినవారు కొందరే. మిగిలినవారు ఇంటనే ఉండిపోగా, వారు దగ్గినపుడు వెలువడు తుంపరల ద్వారా వ్యాధి ఇతరులకు సోకేది. ఇక్కడ పనిచేసిన డా. పి.వి. బెంజమిన్ తరువాత భారత ప్రభుత్వ క్షయ సలహాదారు అయ్యారు.

పద్ధతి

ప్రజలకు ట్యూబర్‌కులిన్ పరీక్ష, ఛాతీ ఎక్స్-రే, అవసరమైన చోట తెమడ పరీక్ష చేశారు. ట్యూబర్‌కులిన్ పరీక్షలో ప్రతిచర్య కనబడనివారిలో కొందరికి టీకా వేసి, మిగిలినవారికి వేయక, ఉభయులను కొన్ని సంవత్సరములు పరిశీలించారు.

ఫలితములు

1973లో ప్రచురించిన లెక్కల ప్రకారము టీకా పొందిన 5,069 మందిలో 33 మందికి, పొందని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చినది. అనగా రక్షణ సుమారు 20 శాతము. రోగుల సంఖ్య తక్కువగుటచే ఈ తేడా యాదృచ్ఛికము కూడ కావచ్చును. బ్రిటన్‌లో జరిగిన పరిశోధనలో ఈ రక్షణ 75 శాతమునకు పైబడినది. శ్రీకాళహస్తికి దక్షిణమున, నేటి తిరువళ్ళూరు జిల్లా ప్రాంతములో 1968లో మొదలైన చెంగల్పట్టు పరిశోధనలో పెద్దల ఊపిరితిత్తుల క్షయ నుండి టీకా రక్షణ కనబడలేదు. నేలలో, నీటిలో ఉండు ఇతర మైకోబాక్టీరియాల సంపర్కము దీనికి కారణము కావచ్చునని ఒక వివరణ.

ప్రాముఖ్యత

పసిపిల్లలను మెదడు పొరల క్షయ వంటి తీవ్ర రూపముల నుండి బి.సి.జి. కాపాడును. కావున శిశువులకు నేటికిని వేయుచున్నారు. కాని వ్యాధిని ఎక్కువగా వ్యాపింపజేయునది తెమడలో క్రిములున్న పెద్దలు. టీకా వలన ఈ గొలుసు తెగదని పై ఫలితములు తెలుపుచున్నవి. రోగిని త్వరగా గుర్తించి పూర్తికాలము మందులిచ్చుటయే ప్రధాన మార్గము. ఇంటివద్ద చికిత్స పొందినను కుటుంబ సభ్యులకు అదనపు ప్రమాదము లేదని మద్రాసు పరిశోధన నిరూపించినది. అందుచే రెండు వారములు మించి దగ్గు ఉన్నవారు తెమడ పరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష, మందులు ఉచితము.